షెడ్డుకెవరు, యార్డుకెవరు

నేనొక ముఠాలో పనిచేశాను. ఈ మాట ఇంట్లో అంటే ఎవరూ నమ్మరు. బల్లి మీద పడితే ఇల్లంతా హడావిడి చేసే మనిషివి, నీకు ముఠా ఏమిటని మా ఆవిడ నవ్వుతుంది. ఆమె నవ్వడంలో తప్పేమీ లేదు. మా ముఠాలో కత్తులు లేవు, తుపాకులు అసలే లేవు. ఉన్నదల్లా ఒక టైపు మిషను. దాని ముందు కూర్చున్నవాణ్ణి నేను.

ఇది చదివేవాళ్ళలో దుబాయ్ వెళ్దామనుకునేవాళ్ళు ఉంటారు, వెళ్ళి వచ్చినవాళ్ళు ఉంటారు, ఇక్కడే ఏదో ఆఫీసులో కూర్చుని పదిమంది పేర్లతో జాబితాలు తయారుచేసేవాళ్ళు ఉంటారు. ముఖ్యంగా ఆ మూడో రకంవాళ్ళ కోసం రాస్తున్నాను. మిగతావాళ్ళు సరదాగా చదువుకోవచ్చు.

ఎనభైల నడిమి మాట. దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో రేవు తయారై, దాని పక్కన ఫ్రీ జోన్ అని పేరు పెట్టి వరసగా గోదాములు లేపుతున్న రోజులు. జగిత్యాలలో టైపు హయ్యరు పాసై, రెండేళ్ళు కోర్టు ముందు బల్ల వేసుకుని అర్జీలు కొట్టిన నేను, అక్కడ ఒక కంపెనీ టైమాఫీసులో టైపిస్టుగా చేరాను. టైమాఫీసంటే రేకుల పెట్టె లాంటి ఒక గది. అందులో ఏసీ ఉండేది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరవాత దాచిపెట్టానని అనుకోకండి.

నా పనిలో ముఖ్యమైంది ఒక్కటే. రోజూ సాయంత్రం మరుసటిరోజు డ్యూటీ జాబితా కొట్టాలి. మా సైట్‌లో రెండు వందలమంది దాకా పనివాళ్ళుండేవారు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. పని రెండు చోట్ల. ఒకటి షెడ్డు. పైన కప్పు, గోడలకు పెద్ద ఫ్యాన్లు, సామాను సర్దడం, పెట్టెలు పేర్చడం. రెండోది యార్డు. అక్కడ నెత్తిమీద ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఓడల్లోంచి వచ్చిన ఇనుప పైపులు, కడ్డీలు దించి పేర్చాలి. జూన్ దాటాక ఆ ఇనుము చేతిజోడు మీదుగా కూడా కాలుస్తుంది. నోట్లో ఉప్పు బిళ్ళ వేసుకుని పనిచేసేవాళ్ళు. షెడ్డుకు రోజుకు అరవైమంది, యార్డుకు మిగతావాళ్ళు. ఫోర్‌మన్‌కు కావలసింది లెక్క సరిపోవడమే. ఆ అరవైమంది ఎవరన్నది ఆయన పట్టించుకోడు. పట్టించుకోని ఆ చోటులోనే మా ముఠా పుట్టింది.

అయితే అది పుట్టినప్పుడు ముఠా కాదు, సంఘం. నేను చేరిన ఏడాదే మావాడొకడు యార్డులో గుండె ఆగి పోయాడు. శవం ఊరికి పంపడానికి ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో ఎవరికీ తెలియదు. వారాలు గడిచాయి. అతని ఇంటికి ఏమని రాయాలో తెలియక ఎవరూ ఉత్తరం రాయలేదు. అప్పుడు ముందుకొచ్చింది మేస్త్రీ. మా తాలూకా మనిషే, నాకంటే పదేళ్ళు పెద్ద, మేమంతా ఉండే క్యాంపులో అందరికంటే ముందు వచ్చినవాడు. అరబ్బీ మాట్లాడతాడు, ముదీర్ అని పిలిచే మేనేజరు గదిలోకి చెప్పులతోనే వెళతాడు. ఆయన తిరిగాడు, నేను కాగితాలు కొట్టాను, ఇంకో అయిదుగురు తోడొచ్చారు. శవం ఊరు చేరింది. ఆ రోజు మేం ఏడుగురం కలిసి అన్నం తిన్నాం. ఇకమీద మనవాళ్ళెవరికి ఆపద వచ్చినా మనమే చూసుకోవాలనుకున్నాం. నా జీవితంలో అంత మంచి పని అంతకుముందు చేయలేదు.

నీడ గురించి మొదటి మాట కూడా మంచి మాటే. కడుపులో పుండున్న ఒకతన్ని షెడ్డులో వెయ్యమని మేస్త్రీ అడిగాడు. వేశాను. కంటికి ఆపరేషనైన ఇంకొకతను, వేశాను. తరవాత ఊళ్ళో తల్లి పోయిన దుఃఖంలో ఉన్నవాడు. ఆ తరవాత ఏ జబ్బూ లేనివాళ్ళు, మేస్త్రీకి బట్టలు ఉతికేవాళ్ళు, ఊరు వెళ్ళేటప్పుడు ఆయన ఇంటికి సామాను మోసుకెళ్ళేవాళ్ళు. ఎక్కడ గీత దాటామో నాకిప్పటికీ తెలియదు. ఆరు నెలలయ్యేసరికి మరుసటిరోజు జాబితా సాయంత్రం మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, యార్డుకు పోవలసిన పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కులతో తిరిగి రావడం అలవాటైపోయింది. నేను ఆ మార్కులు చూసి కొత్తది కొట్టేవాణ్ణి. ఎదురు చెప్పిన గుర్తు లేదు. ఆయన నన్ను తమ్మీ అని పిలిచేవాడు. తమ్మీ అని పిలిచినవాడికి కాదని ఎలా చెబుతాం అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

కొత్తగా వచ్చినవాళ్ళ చేత ఒట్టు వేయించడం కూడా అప్పుడే మొదలైంది. ఉడికిన అన్నం గిన్నె మీద చెయ్యిపెట్టి, గదిలో మాట గది దాటదని చెప్పాలి. నేనూ వేశాను. మావాళ్ళకు దేవుడి మీద ఒట్టంటే కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, అన్నం మీద ఒట్టంటే కాదు. అది తప్పితే నోట్లో ముద్ద దిగదని నిజంగానే నమ్మేవాళ్ళం.

ఆ ఒట్టు వెయ్యనన్నవాడు ఒక్కడే. సిరిసిల్ల నుంచి వచ్చిన నేతపని మనిషి. నలభై దాటినవాడు, సన్నగా, మెత్తగా మాట్లాడేవాడు. పుట్టినప్పటినుంచీ ఇంట్లో మగ్గం ముందు కూర్చుని పనిచేసినవాడు గనక ఒంటికి ఎండ అలవాటు లేదు. అన్నం గిన్నె ముందు కూర్చోబెడితే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అన్నం తినెటందుకే గని ఒట్లు పెట్టెటందుకు గాదన్నా," అన్నాడు మేస్త్రీతో.

గదిలో కొందరు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వి, సరే తినమన్నాడు. మర్నాడు నా దగ్గరికొచ్చిన జాబితాలో ఆ నేతమనిషి పేరు పక్కన ఇంటూ మార్కు ఉంది. ఆ తరవాత రోజూ ఉంది. మిగతావాళ్ళకు రెండు రోజులు యార్డు పడితే ఒకరోజైనా షెడ్డు దొరికేది. ఆయనకు దొరకలేదు.

జూన్ చివర్లో ఆయన పైపుల మధ్య కుప్పకూలాడు. క్లినిక్‌కు తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించారు. మూడోరోజు తిరిగొచ్చాడు, చేతిలో డాక్టరు చీటీ. నెలరోజులు ఎండలో పని చేయించకూడదని రాసి ఉంది. తోడు వెళ్ళినవాడితో డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడట. ఇంకోసారి ఇలా పడితే లేవడం కష్టమని. ఆ చీటీ ఫైలులో పెట్టవలసింది నేను. మేస్త్రీకి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చీటీకి నీడ దొరుకుతదంటె రేపు అందరు చీటీలే తెస్తరు తమ్మీ. లోపల పెట్టు," అన్నాడు.

సొరుగులో పెట్టాను. ఆ సాయంత్రం నేతమనిషి పేరు యార్డు కింద కొట్టాను. ఇది చెప్పుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. ఎవరూ నన్ను కొట్టలేదు, బెదిరించలేదు. సొరుగు తెరవడం, మూయడం అంతే. రోజూ పొద్దున లారీ ఎక్కుతున్న ఆ మనిషిని కిటికీలోంచి చూసేవాణ్ణి. సాయంత్రం లారీ దిగేదాకా నా మనసు మనసులో ఉండేది కాదు.

ఇప్పుడు అమెరికా ఆయన గురించి చెప్పాలి. మా సైట్ సూపరింటెండెంటు అరవై దాటిన అమెరికన్. న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్నం నుంచి వచ్చాడు. నాలుగు తరాలుగా వాళ్ళది రేవు పనే. ఒక చెవి సరిగ్గా వినిపించదు గనక ఎదుటివాళ్ళను కాస్త పక్కకు తిరిగి చూస్తాడు, అందరికీ అనుమానంగా చూస్తున్నట్టు అనిపిస్తుంది. రోజూ నేను పెట్టిన జాబితా మీద చదవకుండా సంతకం పెట్టేవాడు. ఎండాకాలంలో మధ్యాహ్నం రెండుగంటలు సైట్‌లో విరామం. ఆ సమయంలో ఆయన పెన్సిలుతో ఒక పుస్తకం రాసుకునేవాడు. నా టైపు చూసి ముచ్చటపడి, దాన్ని కొట్టిపెట్టమని అడిగాడు.

ఆ పుస్తకం ఏమిటనుకున్నారు? వాళ్ళ పట్నంలో ముఠాలు ఎలా మొదలయ్యాయన్న చరిత్ర. నాకు మొదట్లో అది పూర్తిగా తలకెక్కలేదు. టైపిస్టు కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద ఉంటాయి, బుర్ర మాత్రం పొద్దున వచ్చిన ఉత్తరం దగ్గరుంటుంది. రెండు అధ్యాయాలు అలాగే కొట్టేశాను. మూడో అధ్యాయంలో కాలు జారి నీళ్ళలో పడ్డట్టు పడ్డాను.

అతని తాతల కాలంలో సముద్రం దాటి సిసిలీ అనే దీవినుంచి బీదవాళ్ళు ఓడల మీద ఆ రేవుకు వచ్చారట. భాష రాదు, ఎవరూ తెలియదు. చచ్చిపోతే పూడ్చేవాడుండడు. అందుకని ఒక ఊరివాళ్ళంతా కలిసి సంఘాలు పెట్టుకున్నారు, చచ్చినవాళ్ళను మర్యాదగా సాగనంపడానికి. రేవులో పండ్ల ఓడలు దిగేవి. అరటిగెలలు, నిమ్మపండ్లు త్వరగా దించకపోతే కుళ్ళిపోతాయి. కనక తెల్లవారగానే కూలీలు కావాలి. రేవు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఎవరు ఓడెక్కాలో, ఎవరు ఇంటికి పోవాలో చెప్పేవాడు ఒక మేస్త్రీ. సంఘంలో పెద్ద కూడా ఆయనే. నోరు విప్పనని ఒట్టు వేసినవాడు ఓడెక్కాడు, వెయ్యనివాడు గట్టు మీదే నిలబడ్డాడు. తరవాత అలాంటి మేస్త్రీలు ఇద్దరయ్యారు, రేవు ఎవరిదన్న తగాదా ముదిరింది, తుపాకులు వచ్చాయి. మిగతా పుస్తకాలన్నీ తుపాకుల దగ్గర మొదలుపెడతాయి, అది తప్పు అని ఆయన రాశాడు. అసలు కథ తుపాకుల ముందే అయిపోయిందట.

ఆ పేజీ కొడుతూ నేను ఆగిపోయాను. తరవాతి పేరా ఆయన తాత గురించి. ఆ మేస్త్రీ దగ్గర పేర్లు రాసినవాడు ఆయనే. అక్షరాలు వచ్చినవాడు ఆయనొక్కడే గనక ఆ పని ఆయనకు పడింది. జీవితంలో ఎవరినీ చెయ్యెత్తి కొట్టని అమాయకుడు మా తాత అని అమెరికా ఆయన రాసుకున్నాడు. ఆ వాక్యం దగ్గర నా వేళ్ళు తప్పు మీటల మీద పడ్డాయి. కాగితం తీసేసి మళ్ళీ ఎక్కించి మళ్ళీ కొట్టాను. ఆ కంగారులో చేసిన పొరపాటు తరవాతగాని తెలియలేదు. మేస్త్రీ దగ్గరినుంచి వచ్చిన ఇంటూ మార్కుల జాబితా మిషను పక్కనే ఉంది. దాన్ని కూడా అధ్యాయంతో కలిపి పిన్ను కొట్టి, గురువారం మధ్యాహ్నం ఆయన బల్లమీద పెట్టేశాను.

గంటలో పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి ఆ కాగితం ఆయన ముందు విడిగా ఉంది. మంచి చెవి నా వైపు తిప్పి, ఈ గుర్తులు ఏమిటని అడిగాడు. ఒంట్లో బాగాలేనివాళ్ళ గుర్తులని చెప్పాను.  ఆయన పెన్సిలు మొనతో ఆ ఇంటూలను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"మా తాత చుక్క పెట్టేవాడు," అన్నాడు చివరికి. "అడిగితే ఇలాగే చెప్పేవాడు."

 ఆయన కేకలు వేస్తే తల వంచుకుని బయటపడేవాణ్ణి. ఆయన మెల్లగా మాట్లాడాడు. తాను చదవకుండా సంతకాలు పెట్టినందుకు ముందు తనను తాను తిట్టుకున్నాడు. ఇంటూలు పెట్టినవాడి పేరు చెబితే వచ్చే విమానంలో ఇంటికి పంపించగలనన్నాడు. మళ్ళీ ఆయనే, పంపితే వాడి చోట ఇంకొకడు వస్తాడు, మా పట్నంలో ఎప్పుడూ అలాగే జరిగింది అన్నాడు. నేను పేరు చెప్పలేదు. ఒట్టు ఒకటి అడ్డం. దానికన్నా పెద్ద అడ్డం ఇంకొకటి. చచ్చిపోయినవాడి కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ మేస్త్రీ తిరిగిన తిరుగుడు నా కళ్ళలో ఉంది. ఆ మనిషి వీసా క్యాన్సిల్ చేయించి పంపడానికి నా నోరు రాలేదు. శనివారం దాకా గడువు అడిగి బయటికొచ్చాను.

శుక్రవారం సెలవు. క్యాంపులో శుక్రవారమంటే కూరలో మాంసం, ఇంటికి ఉత్తరాలు, బట్టలుతుకుడు. నాకు ఏదీ రుచించలేదు. మేస్త్రీకి ఎదురు తిరిగితే ఏమవుతుందో ఊహించుకుంటూ పడుకున్నాను. గదిలో నాకెవరూ అన్నం పెట్టరు. పలకరించరు. సామానులో దొంగ వస్తువేదో పెట్టి ఇరికిస్తారు. నా ఊహకు హద్దు లేకుండా పోయింది. ఇంటికి ఒక ఉత్తరం కూడా రాసేశాను, త్వరలో రావచ్చు, కంగారు పడొద్దని. రాయడమైతే రాశాను గానీ, అన్నీ మూటగట్టుకుని నేను ఊరెళ్ళిపోతే ఆ నేతమనిషి పేరు ఎవరు కొడతారు, ఏ కాలమ్ కింద కొడతారు అన్న ఆలోచన వదల్లేదు.

లేచి వంటగదికి వెళ్ళాను. అక్కడ మేస్త్రీ తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజు వంట వంతు ఆయనది.

మా క్యాంపులో వంతంటే ఏమిటో తెలియాలి. ప్రతి గదికీ వంటగది గోడమీద సుద్దతో పేర్లుంటాయి. ఎవరి రోజు వాళ్ళు వండాలి, గిన్నెలు తోమాలి. జ్వరమొచ్చినా సరే, ఇంకొకరితో మార్చుకోవాలి గానీ ఎగ్గొట్టడానికి లేదు. పెద్దా చిన్నా లేదు, కులం లేదు. ముదీర్‌ను లెక్కచెయ్యని మేస్త్రీ ఆ గోడ మాట మాత్రం జవదాటేవాడు కాదు. ఒకసారి ఊరినుంచి వచ్చిన తన సొంత బావమరిది వంతు ఎగ్గొడితే, ఆ రోజంతా అతనికి తిండి పెట్టనివ్వలేదు. క్యాంపులో పైవాళ్ళెవరూ బలవంతం చెయ్యకపోయినా అందరూ నిలబెట్టిన చట్టం అదొక్కటే.

"ఏంది తమ్మీ గట్ల చూస్తున్నవ్, ఉల్లిగడ్డ కోస్తవా?" అన్నాడు.

కూర్చుని రెండు కోశాను. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, అవి ఉల్లిగడ్డవో కావో ఆయన అడగలేదు. తిని, చెయ్యి కడుక్కుని, సెలవైనా టైమాఫీసు తాళం తీశాను. బ్యాడ్జి నంబర్ల రిజిస్టరు ముందు పెట్టుకున్నాను. పైన డాక్టరు చీటీలున్నవాళ్ళ పేర్లు, ముందుగా సొరుగులోంచి తీసిన ఆ నేతమనిషి చీటీ. వాళ్ళు చీటీలో రాసినన్ని రోజులు షెడ్డులోనే. మిగతా చోట్లకు నంబర్లు వెనకనుంచి, అంటే కొత్తగా వచ్చినవాళ్ళు మొదట. రేపు ఈ అరవై, ఎల్లుండి తరవాతి అరవై. పెన్సిలు పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. కార్బన్లు పెట్టి మూడు కాపీలు కొట్టి, తాళం వేసి వచ్చేశాను. ఆ సాయంత్రం జాబితా మేస్త్రీ దగ్గరికి వెళ్ళలేదు. సెలవురోజు గనక ఆయన అడగలేదు.

శనివారం పొద్దున మెస్సు హాలు ముందు అందరూ చేరారు. జాబితా ఇంగ్లీషులో ఉంటుంది గనక రోజూ బెంచీ ఎక్కి తెలుగులో చదివి వినిపించేది నేనే. ఆ రోజూ ఎక్కాను. షెడ్డు కింద మొదటి పేరు నేతమనిషిది. చదివాను. ఆయన తన పేరు కాదనుకుని యార్డు లారీ వైపే నిలబడి ఉన్నాడు. పక్కవాడు చెయ్యిపట్టి ఇవతలికి లాగాడు. చదువుతున్న కొద్దీ జనంలో చప్పుడు తగ్గిపోయింది. షెడ్డు అయిపోయింది, యార్డు మొదలుపెట్టాను. సంఘంలో పెద్దల పేర్లు ఒక్కొక్కటే యార్డు కింద రావడం మొదలైంది. మేస్త్రీది అందరికంటే పాత నంబరు గనక చిట్టచివర ఉంది. అదీ చదివాను.

మేస్త్రీ పక్కన ఎప్పుడూ ఉండే ఒకడు ముందుకొచ్చాడు. వాడి గొంతులో కోపం లేదు, నాకు తప్పించుకునే దారి ఇస్తున్నట్టే అడిగాడు.

"తప్పు పడ్డదా సారూ?"

అవునంటే అయిపోయేది. అందరూ అంతే కోరుకుంటున్నారేమో కూడా. నేను మేస్త్రీ వైపే చూశాను.

"తప్పు పడలే," అన్నాను. "వంతు పెట్టిన."

 మేస్త్రీ బెంచీ దగ్గరికి వచ్చి తల పైకెత్తి నా మొహం చూశాడు. ఇప్పుడు ఒక్క మాటతో నన్ను కిందికి లాగించగలడు. ఆయన అడిగింది వేరు.

"ఎట్ల గట్టినవ్?"

"వెనుకనుంచి. కొత్తోళ్ళు ముందుగాల."

"నాకు షెడ్డు ఎన్నడు?"

"మంగళారం."

ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. రెండువందలమంది, రోజుకు అరవై. లెక్క సరిగ్గానే వచ్చినట్టుంది. భుజం మీది తువ్వాల తీసి తలకు చుట్టుకున్నాడు. యల్లా అని తనవాళ్ళను కదిలించి, యార్డు లారీ ఎక్కాడు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని వెనకే ఎక్కారు. లారీ వెళ్ళిపోయింది. అక్కడే బెంచీ మీద కూర్చుని నవ్వుకున్నాను. గుండెల మీద ఇన్నాళ్ళూ ఎంత బరువు పెట్టుకుని ఊపిరి పీల్చానో అది దిగినప్పుడు తెలిసింది.

అమెరికా ఆయన ఆ రోజు జాబితా మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివి సంతకం చేశాడు. ఏమీ అడగలేదు. మధ్యాహ్నం మూడో అధ్యాయం నాకు తిరిగిచ్చి ఒక పేజీ మళ్ళీ కొట్టమన్నాడు. తాత గురించిన వాక్యంలో అమాయకుడు అన్న ఒక్క మాట కొట్టేసి ఉంది. దాని బదులు ఇంకేమీ రాయలేదు. ఆ పుస్తకం అచ్చయిందో లేదో నాకు తెలియదు. మరుసటి ఏడు ఆయన పని అయిపోయి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ నాతో పది రోజులు మాట్లాడలేదు. నా అన్నం మాత్రం ఎవరూ ఆపలేదు. ఆయన వంట వంతు మళ్ళీ వచ్చినరోజు నా పళ్ళెంలో కూర వేస్తూ, నాకు ముందుగాల చెప్పద్దా అన్నాడు. చెబితే ఒప్పుకునేవాడివా అన్నాను. ఒప్పుకోకపోయెటోణ్ణి అని ఆయనే నవ్వాడు. అంతే, ఖలాస్. సంఘం ఆ తరవాత కూడా నడిచింది. ఇంకో ఇద్దరి శవాలు ఊరికి పంపాం, ఆ కాగితాలూ నేనే కొట్టాను, మేస్త్రీయే తిరిగాడు. అన్నం మీద ఒట్లు మాత్రం ఆగిపోయాయి. ఆపమని ఎవరూ చెప్పలేదు, దాచుకోవలసిందేమీ మిగల్లేదు. మేస్త్రీని ఆ రోజు విమానం ఎక్కించనందుకు నాకు ఎప్పుడూ విచారం కలగలేదు.

నేతమనిషి బతికాడు. షెడ్డు నీడలో నెలరోజుల్లో ఒళ్ళు తేరుకుంది, ఇంకో రెండేళ్ళు అక్కడే పనిచేసి క్షేమంగా సిరిసిల్ల చేరాడు. ఇవన్నీ తరవాతి మాటలు. ఆ శనివారం సాయంత్రం ఆయన టైమాఫీసుకు వచ్చాడు. లోపలికి రమ్మని ఏసీ ముందు కూర్చోబెట్టాను. చల్లటి లబాన్ మజ్జిగ సీసా ఇచ్చాను. కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడనుకుని, అలాంటిదేం లేదని చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన సగం తాగి, నా టైపు మిషను వైపు చాలాసేపు చూశాడు. మగ్గం మీద కూర్చున్నవాడు గనక ఇంకో మిషను ఎలా నడుస్తుందో చూస్తున్నాడనుకున్నాను.

"ఎంతసేపు పట్టింది సారూ, గా కాగితం కొట్టెటందుకు?" అని అడిగాడు.

రోజూ పట్టేంతే, ఇరవై నిమిషాలని చెప్పాను.

ఆయన మొహంలో కోపం లేదు. లెక్క తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగాడు.

"గంతేనా?"

సిద్ధం చేసుకున్న మాటలు నాకు పనికిరాలేదు. ఆయన మిగతా లబాన్ తాగి, సీసా నా బల్లమీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు.